మంచినీళ్ళే పోశానండీ

"నీళ్ళు పోశావా?"

"పోశానండీ. మంచినీళ్ళే."

"అయితే నువ్వు కూర్చో. దిగకు. నేను చూసొస్తా."

మా ఆయనకీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు ఇవి. బందరు ఆసుపత్రిలో, మధ్యాహ్నం పూట, కిటికీ పక్కన మంచం మీద. ఆ తర్వాత ఆయన కళ్ళు మూసుకున్నారు. పొద్దు వాలేసరికి పోయారు.

మంచానికి అటువైపు మా వదిన ఉంది. ఆయన అక్క. గుడివాడ నుంచి ఆ పొద్దునే వచ్చింది. ఈ మాటలు విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "వీడికి మతి పోయిందమ్మా, ఎప్పుడో అమ్మేసిన కారుని కలవరిస్తున్నాడు" అంది. అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళందరికీ కూడా అదే చెప్పింది. "ఆఖరికి పెళ్ళాన్ని కూడా గుర్తుపట్టలేదు తమ్ముడు, కారు కారు అంటూ పోయాడు" అని. అందరూ నా వంక జాలిగా చూశారు. ఆ రోజు నాకు నోరు పెగల్లేదు.

ఇప్పుడు పెగిలింది. నాకు చదువు లేదు. సంతకం చేస్తాను, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుంటాను, అంతవరకే. అందుకని మా చెల్లెలి కూతుర్ని కూర్చోబెట్టి చెబుతున్నాను, అది రాస్తోంది. నా గొంతు బొంగురు గొంతు, మెల్లగా చెప్పడం నాకు రాదు, పక్కింటివాళ్ళకి వినిపిస్తే వినిపించనీ. ఆయన నన్ను గుర్తుపట్టే మాట్లాడారు. ఆ సంగతి తేలాలంటే కారు సంగతి మొదటి నుంచి చెప్పాలి.

మాది చిలకలపూడి. రోల్డుగోల్డు పని. గొలుసులకీ గాజులకీ పూత వేసేది ఆయన. పూత వేసిన సరుకుని కుంకుడు రసంలో వేసి, బ్రష్షుతో రుద్ది, మంచినీళ్ళలో జాడించి, రంపపు పొట్టులో దొర్లించి ఆరబెట్టేది నేను. మా ఇంట్లో పొయ్యి వెలిగించని రోజైనా ఉందేమో కానీ కుంకుడుకాయలు నానెయ్యని రోజు లేదు. తయారైన సరుకు పెట్టెల్లో సర్దుకుని గుడివాడ, బంటుమిల్లి, అవనిగడ్డ షాపులకి ఆయన బస్సుల్లో తీసుకెళ్ళేవారు. జనం తొక్కిడికి పెట్టెలు నలిగి, లోపల గాజులు సొట్టలు పడేవి. ఇలా కాదని, తొంభైలలో, ఒక డాక్టరుగారు వాడి వదిలేసిన తెల్ల అంబాసిడర్ కారు కొన్నారు.

కారు మా వీధిలోకి వచ్చిన రోజు నేను పసుపు రాసి బొట్లు పెట్టాను. ఆయన చుట్టూ తిరిగి చూసి, బానెట్ ఎత్తి, లోపలికి తొంగిచూసి, "ఏముందే ఇందులో? ఇనుము, ఇత్తడి, రాగి. పొద్దున లేస్తే మనం చేసే పనేగా" అన్నారు. చిక్కంతా ఆ మాట దగ్గరే వచ్చింది.

మెకానిక్ దగ్గరకి వెళ్ళడం ఆయనకి నామోషీ. "కంటికి కనపడని కొక్కేలు బిగించేవాణ్ణి, ఈ బండ నట్లు విప్పలేనా" అనేవారు. విప్పేవారు. విప్పడంలో ఏనాడూ లోటు లేదు.

ఒకసారి బ్యాటరీ కొసల మీద ఆకుపచ్చగా చిలుము పట్టింది. ఆయన దాన్ని గీకి, రుద్ది, తళతళలాడించారు. ఆ పని వరకూ బాగానే ఉంది. మళ్ళీ చిలుము పట్టకుండా, నగల మీద మెరుపు నిలవడానికి మేము పూసే లేకరు ఉంటుందే, అది తెచ్చి ఆ కొసలకి రెండు పూతలు పూసి, తీగలు బిగించేశారు. "ఇంక ఈ జన్మకి దీనికి చిలుము పట్టదు" అన్నారు. మర్నాడు తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు. నేను లోపల కూర్చుని ఉన్నాను, గుడివాడలో మా వదిన వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాలి. ఆయన దిగుతూ, "నువ్వు కూర్చో. దిగకు. నేను చూసొస్తా" అన్నారు. ఆ మాట నేను వినడం అదే మొదలు.

ఆయన చూడ్డం ఎంతకీ అవలేదు. వీధిలోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. చర్చికి వెళ్తున్న పాస్టరుగారు చేతిలో పుస్తకం కిటికీలోంచి నాకిచ్చి, తెల్ల చొక్కా చేతులు మడుచుకుని తోయడానికి దిగారు. నేను లోపలే ఉన్నాను, దిగొద్దన్నారు కదా. నాతో సహా కారుని వీధి చివరి దాకా తోశారు, మళ్ళీ వెనక్కి తోశారు. చివరికి పాస్టరుగారు బానెట్‌లోకి వంగి, "బ్రదర్, ఈ బ్యాటరీ కొసలు గాజుల్లాగా మెరుస్తున్నాయేంటండీ?" అని అడిగారు.

 మా ఆయన కిటికీ దగ్గరకి వచ్చి, ఎవరికీ వినపడకుండా, "లోపలికెళ్ళి కత్తి పట్రా" అన్నారు.

"దిగొద్దన్నారుగా" అన్నాను నేను.

"దిగవే తల్లీ."

లేకరు గీకితే కరెంటు పారి కారు కదిలింది. మేము గుడివాడ వెళ్ళేసరికి మా వదిన చల్లారిపోయిన అన్నాలు మళ్ళీ వేడిచేస్తోంది.

ఇంకోసారి వానాకాలంలో ముందు అద్దం సందులోంచి నీళ్ళు కారుతుంటే, బెల్లం, సున్నం కలిపి రోట్లో నూరి ఆ సందులో కూరారు. చిల్లుపడ్డ కుండలకి మా అత్తగారు అలాగే చేసేదట. ఎండాక రాయిలా గట్టిపడింది, ఒక్క బొట్టు దిగలేదు. కానీ బంటుమిల్లి వెళ్తుండగా చూద్దును కదా, అద్దం దగ్గర్నుంచి చీమలు బారు తీరి స్టీరింగు మీదుగా ఆయన చొక్కా కాలర్లోకి వెళ్తున్నాయి. ఆయన ఒక చేత్తో బండి తిప్పుతూ ఒక చేత్తో మెడ కొట్టుకుంటున్నారు, నన్ను మాత్రం చూడరు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. షాపులో పెట్టె తెరిస్తే నెక్లెసు చుట్టూ కూడా చీమలే. షాపాయన నెక్లెసు దులిపి, "ఏమండీ, ఇది మామూలు బంగారం కాదు, తియ్యటి బంగారంలా ఉందే" అన్నాడు.

ఇలాంటివి చెప్పుకుంటూ పోతే ఈ పిల్ల చెయ్యి పడిపోతుంది. అసలు సంగతికి వస్తాను.

మా వదిన మనవడికి మోపిదేవిలో చెవులు కుట్టించాలనుకున్నారు. వదిన, మనవడు ముందురోజే గుడివాడ నుంచి మా ఇంటికి వచ్చారు. పిల్లవాడి అమ్మానాన్నలు బస్సులో నేరుగా గుడికి వస్తారు. "మన కారుండగా మీకు బస్సెందుకక్కా" అని మా ఆయన పట్టుబట్టారు. అక్క ముందు కారు నడపాలని ఆయనకి ఎప్పటినుంచో కోరిక. ఎందుకంటే ఆమె ఆయన్ని చిన్నప్పుడు ఎత్తుకుని పెంచింది, ఇంకా అలాగే చూసేది. "నీకు కారు తోలడం వచ్చా అసలు?" అని అందరిలో అడిగేది.

అందుకని కారుని బాగా తయారు చేయాలనుకున్నారు. రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్ళు ఎర్రగా, తుప్పు రంగులో ఉన్నాయి. వేలు ముంచి చూసి, "ఇది రాగీ ఇత్తడే. మన సరుక్కి పట్టిన మురికికి ఏం వేస్తామో దీనికీ అదే వెయ్యాలి" అన్నారు. నేను నానబెట్టిన కుంకుడు రసం, చిక్కగా పిసికి వడగట్టింది, తీసుకెళ్ళి రేడియేటర్ నిండా పోశారు. కారు కాసేపు ఆన్‌లో పెట్టి, కింద కుళాయి విప్పితే నల్లటి మడ్డి దిగింది. ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా, ఎంత మురికి ఉందో" అని నన్ను పిలిచి చూపించారు. కాసేపటికి కుళాయిలోంచి రావడం ఆగిపోయింది. ఆయన అంతా అయిపోయిందనుకున్నారు. అయిపోలేదు. మడ్డి అడ్డంపడి ఆగింది, సగం రసం లోపలే ఉంది. దాని పైన బిందెడు నీళ్ళు పోసి మూత బిగించారు.

"జాడించారా?" అని అడిగాను నేను. కుంకుడు రసంతో చేసే పనిలో ఆఖరున జాడించడమే అసలు పని. అది నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?

"నగ కాదే అది, కారు" అన్నారు.

తెల్లారి బయల్దేరాం. వదిన ముదురు ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నేను వెనకాల, ఒళ్ళో పిల్లవాడు. వరి ఈనే కాలం. రెండువైపులా ఆకుపచ్చ, పక్కన కాలవ. మా ఆయన హారను మోగిస్తూ హుషారుగా నడుపుతున్నారు. చల్లపల్లి దాటే వరకూ వదిన కూడా ఒక్క వంక పెట్టలేదు. "ఫరవాలేదురా, మెత్తగానే ఉంది" అంది. ఆ మాటకి ఆయన వెనక్కి తిరిగి నా వంక చూశారు. ఆ చూపు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

కాసేపటికి బానెట్ అంచుల్లోంచి తెల్లగా ఏదో పొంగింది. పొగ అనుకున్నాం. పొగ కాదు, నురుగు. గాలికి ముద్దలు ముద్దలుగా లేచి అద్దం మీద పడుతోంది. ఆయన వైపరు వేశారు. అది ఇంకా చిలికినట్టయింది. ఏమీ కనపడక కారు పక్కకి తీసి ఆపారు. కిటికీలోంచి ఒక ముద్ద వచ్చి వదిన పట్టుచీర మీద వాలింది. ఆమె దాన్ని వేలితో తీసి వాసన చూసింది.

"ఏరా, ఇది కుంకుడుకాయ కాదూ?"

"నువ్వు కూర్చో. దిగకు. నేను చూసొస్తా" అన్నారాయన, అక్కకి కాదు, నాకు.

"నువ్వు చూసొచ్చేలోపు స్వామివారు గుడి తలుపులేసుకుంటారు" అని వదిన దిగిపోయింది.

బానెట్ ఎత్తేసరికి లోపలంతా నురుగే. పొంగి పొంగి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి కాలవ గట్టుకి పాకుతోంది. కాసేపు ఆగి, గుడ్డ పట్టుకుని మూత తిప్పితే బుస్సుమని ఆవిరి, దానితో పాటు మళ్ళీ నురుగు. ఆయన చేతులకి, మీసానికి, కనుబొమలకి అంతా అంటుకుంది. అవనిగడ్డ వెళ్ళే బస్సు వచ్చి మా పక్కన నెమ్మదించింది. కండక్టరు మెట్టు మీద నిలబడి, "ఏమండీ, కారుకి తలంటారా?" అన్నాడు. బస్సంతా కిటికీల వైపుకి ఒరిగింది. లోపల ఒకావిడ, "ఆ పొగ చూడండి, సాంబ్రాణి కూడా వేశారు" అంది. జనం నవ్వులు బస్సు కదిలి వెళ్ళాక కూడా వినిపించాయి.

నేను కారులోనే కూర్చుని ఆయన్ని చూస్తున్నాను. ఆయన మొహం తుడుచుకున్నారు, ఆ నురుగు చేతులతోనే. కుంకుడు కళ్ళలోకి వెళ్ళింది. పెద్దమనిషి, నలభై దాటినవాడు, రోడ్డు మధ్య కళ్ళు మూసుకుని, "మంట, అక్కా" అన్నారు.

అప్పటిదాకా తిడుతున్న వదిన గబగబా కొంగు ఉండ చుట్టి, నోటితో వెచ్చగా ఊది, ఆయన కళ్ళకి అద్దింది. "చిన్నప్పుడూ ఇంతే, తలంటితే ఊరంతా వినపడేట్టు ఏడ్చేవాడు. ఇప్పుడు కారుకి కూడా తలంటుతున్నాడు వెధవ" అంది. తిడుతూనే ఊదుతోంది.

ముహూర్తం దగ్గర పడుతోంది. చేపల వ్యాను ఒకటి వస్తే వదిన చెయ్యెత్తి ఆపింది. పట్టుచీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని, ఐసు పెట్టెల మధ్య, మనవణ్ణి చంకనేసుకుని నిలబడి మోపిదేవి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ, "ఒరే తమ్ముడూ, ఈ జన్మలో నీ కారెక్కితే ఒట్టు" అంది. ఆమె మాట మీద నిలబడే మనిషి. మళ్ళీ ఎప్పుడూ ఎక్కలేదు. పెళ్ళి అయినా, పేరంటం అయినా ఈ కథ మాత్రం చెప్పేది, చెప్పిన ప్రతిసారీ నురుగు ఇంకొంచెం ఎత్తు పెరిగేది.

ఆ పూట మేము కాలవ పక్క ఇంట్లో బిందె అడిగి తెచ్చుకున్నాం. నేను నీళ్ళు మోశాను, ఆయన కుళాయిలో పుల్ల పెట్టి మడ్డి తీశారు. పోయడం, వంపడం, మళ్ళీ పోయడం. నురుగు పోయి నీళ్ళు నీళ్ళుగా వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గుడికి వెళ్ళలేదు.  ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని లేచిపోయారు. నవ్విన జనం గురించి కాదు. అక్క "మెత్తగానే ఉంది" అన్న మాట ఆయన చెవిలో ఎంతోసేపు నిలవలేదు, అదీ ఆయన బాధ. కారు అమ్మేస్తానన్నారు.

మర్నాడు పొద్దున సరుకు గుడివాడ వెళ్ళాలి. ఆయన చెప్పకుండానే నేను బిందె పట్టుకెళ్ళి రేడియేటర్‌లో నీళ్ళు పోసి వచ్చాను. ఆయన చెప్పులేసుకుంటూ, నా వంక చూడకుండా, "నీళ్ళు పోశావా?" అని అడిగారు.

"పోశానండీ."

ఆయన ఇంకా తల ఎత్తలేదు. నేను అన్నాను, "మంచినీళ్ళే."

ముందు ఆయన భుజాలు కదిలాయి. తర్వాత చెప్పు వదిలేసి గడప మీద కూర్చుని నవ్వారు. కళ్ళు తుడుచుకుని లేచి, "అయితే ఎక్కు" అన్నారు.

అంతవరకూ సరుకు వెంట నేను వెళ్ళేదాన్ని కాదు. ఆ రోజు నుంచి వెళ్ళాను. ప్రతి ప్రయాణానికీ ముందు అదే ప్రశ్న, అదే జవాబు, "అయితే ఎక్కు". ఎవరికీ తెలియదు. వదిన కారెక్కితే కదా ఆమెకి తెలిసేది.

ఆ తర్వాత కూడా కారు ఆగేది. పెడన దగ్గర ఆగింది, బంటుమిల్లి చెరువుల దగ్గర ఆగింది, దివిసీమలో ఎక్కడ ఆగలేదని? ఆగినప్పుడల్లా "నువ్వు కూర్చో. దిగకు. నేను చూసొస్తా" అనేవారు. బానెట్ లేచేది. నాకు ఆయన కనపడేవారు కాదు, బానెట్ కింద చేతులు మాత్రం కనపడేవి. నేను పెసరకాయలు ఒలుచుకునేదాన్ని, గొలుసులకి కొక్కేలు తగిలించేదాన్ని, చెరువు మీద కొంగల్ని చూసేదాన్ని. అంతసేపూ ఎందుకు దిగేదాన్ని కాదంటే, దిగి పక్కన నిలబడితే ఆయనకేమీ తెలియడం లేదని నాకు తెలిసిపోతుందని ఆయన భయం. నాకు తెలుసు. నాకు తెలిసిన సంగతి ఆయనకీ తెలుసేమో. అయినా ఎప్పుడో ఒకప్పుడు బానెట్ దిగేది, చేతులు తుడుచుకుంటూ ఆయన వచ్చేవారు. రాని రోజంటూ లేదు.

రెండువేలు దాటాక మెషిన్ల మీద చేసిన సరుకు వచ్చి మా పని తగ్గింది. ఆయన చూపూ తగ్గింది. కారుని బంటుమిల్లి వైపు రొయ్యల చెరువులాయన తీసుకున్నాడు. ఒకసారి బస్సులో వెళ్తుంటే చెరువు గట్టు మీద కనపడింది. చక్రాలు లేవు, లోపల మేత బస్తాలు, బానెట్ మీద కోడి. ఆయన చాలాసేపు అటే చూసి, నిండు బస్సులో, "నీళ్ళు పోశావా?" అన్నారు. ముందు సీటు ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. నేను "పోశానండీ, మంచినీళ్ళే" అన్నాను. "అయితే ఎక్కు" అన్నారు, పక్కకి జరుగుతూ. కూర్చునే ఉన్నదాన్ని కదా, అయినా ఇంకొంచెం జరిగి కూర్చున్నాను.

మాత్రలు వేసుకునేటప్పుడు, నేను గ్లాసు అందిస్తే, ఇదే. చివరి రోజుల వరకూ ఇదే.

వదిన మీద నాకు కోపం లేదు. తమ్ముడి కళ్ళకి కొంగుతో ఊదిన మనిషి, ఆమె ఏడుపు ఆమెది. కానీ ఆసుపత్రిలో ఆ మధ్యాహ్నం నా చేతిలో గ్లాసు ఉంది. ఆయన కళ్ళు తెరిచి గ్లాసుని చూశారు, నన్ను చూశారు, అప్పుడు అడిగారు. నేను చెప్పవలసింది చెప్పాను. మతి పోయిన మనిషే అయితే, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ "అయితే ఎక్కు" అనేవారు. నోటికి వచ్చేది అదే. ఆయన ఎక్కమనలేదు. బండి ఆగినప్పుడు అనే మాట అన్నారు. నేను లేచి నిలబడి ఉన్నాను. కూర్చోమన్నారు. కూర్చున్నాను.

"పెద్దమ్మా, ఇది కూడా రాయనా?" అని అడుగుతోంది ఈ పిల్ల. రాయి. ఏమీ వదలకు.

ఈ ఆదివారం వదిన వస్తోంది. ఆమెకి వినిపించాలి. ముందు నాకు వినిపించు. పైనుంచి మొదలుపెట్టు, ఆయన మాట దగ్గర్నుంచి. అక్కడ గొంతు బరువుగా పెట్టకు, చచ్చిపోయే మనిషి మాటలా చదవకు. తలుపు తీసి ఒక కాలు రోడ్డు మీద పెట్టి, వెనక్కి తిరిగి అన్నట్టు అన్నారాయన. అలాగే చదువు. ఊఁ, కానీ.